రెక్క కొసన తెలుపు

మా ఉత్తరపు జిల్లాల్లో శీతకాలం వచ్చిందంటే పత్రికలవారికి ఒక వార్త ఏటా సిద్ధంగా ఉంటుంది. "సైబీరియా కొంగలు వచ్చేశాయి" అని. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్లమీద గూళ్ళు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో దిగే నత్తలు తినే కొంగలు, అన్నీ సైబీరియా ఖాతాలోనే జమ. ఆ ఊళ్ళవాళ్ళు వాటిమీద రాయి విసరనివ్వరు, టపాకాయ కాల్చనివ్వరు, పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. అది చేతులెత్తి మొక్కవలసిన సంగతే. కాని ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ మూడు పక్షులూ సైబీరియా ముఖం ఎరగవు. అవి ఈ దేశంలో పుట్టి, ఈ దేశంలో పెరిగి, నీళ్ళూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి మకాం మార్చేవి.

నిజంగా సైబీరియా ఉత్తరపుటంచునుంచి, చెట్టనేది మొలవని ఆ మంచు మైదానాలనుంచి, మన తీరానికి వచ్చే పక్షి ఒకటుంది. దాని పేరు హ్యూగ్లిన్ గల్. దానికి ఎవరూ పసుపూ కుంకుమా పెట్టరు. పత్రికలో బొమ్మ వేయరు. అది సముద్రంమీద దూరంగా ఎగురుతూ పోతూంటే చూసి "అదేదో తెల్లపిట్ట" అనుకుని కాఫీ హోటలుకేసి నడుస్తాం.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. నాకీ పిట్టల గొడవ ఎందుకు పట్టిందని మా ఇంట్లోవాళ్ళు అడుగుతూనే ఉంటారు. 1987లో మన ఉపఖండంలో మొదలై తరవాత ఆసియా అంతటా పాకిన నీటిపక్షుల లెక్క ఒకటి ఏటా జనవరిలో జరుగుతుంది. జువాలజీ శాఖలో మిత్రుడొకరు, మనిషి తక్కువై, నన్ను నౌపడ ఉప్పుమళ్ళ దగ్గరకు పట్టుకుపోయారు. నా పని కాగితంమీద అంకెలు వేయటం. రెండో ఏటికి దుర్భిణి నా మెడలో పడింది. తరవాత అది దిగలేదు.

కొంగలతో తగాదా లేదు. నిలుచుంటాయి, చూసినంతసేపు చూడనిస్తాయి. గల్ అలా కాదు. దానికి కుదురు లేదు. పైగా దానికి మన భాషలో నేను వెదికినంతలో స్థిరమైన పేరు కనిపించలేదు. సముద్రపు కాకి అందామంటే నీటికాకి అని వేరే పక్షి ఒకటి ఉండనే ఉంది, ఈ రెంటికీ చుట్టరికం లేదు. కోనాడలో చంపావతి సముద్రంలో కలిసేచోట ఒక జాలరిని అడిగితే, "పిట్ట బాబూ, పిట్ట" అన్నాడు, నాకు కళ్ళు కనిపించటం లేదేమోనన్నట్టు చూస్తూ. అంచేత ఈ వ్యాసంలో గల్ అనే అంటాను. తెలుగు మేష్టరై ఉండీ ఇంగ్లీషు మాట వాడానని ఎవరైనా నొచ్చుకుంటే, మంచి మాట ఒకటి చెప్పండి, రేపటినుంచి అదే వాడతాను.

మన తీరంలో మందలుగా కనిపించేది గోధుమతల గల్. లడఖ్, టిబెట్ ఎత్తుభూముల్లోని సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, చలి ముదిరేసరికి హిమాలయాలు దాటి మన సముద్రానికి వస్తుంది. దానితోపాటు నల్లతల గల్ అని దాని దాయాది ఒకటి. ఈ పేర్ల సొంపు వినండి. నల్లతలదాని తల నలుపు కాదు, ముదురు కాఫీపొడి రంగు. ఆ రంగయినా వేసవిలో, పెళ్ళిళ్ళకాలంలోనే. మనదగ్గర ఉన్న నాలుగైదు నెలల్లో ఎక్కువకాలం రెండింటి తలలూ తెల్లగానే ఉంటాయి, చెవిదగ్గర ఒక్క మచ్చ తప్ప. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఈ పేర్లలో తల అంత. మరి పోల్చటం ఎలాగంటే, రెక్క కొసలు చూడాలి. పెరిగిన గోధుమతలదానికి రెక్క కొస నల్లగా ఉండి, ఆ నలుపులో అద్దం బిళ్ళల్లా రెండు తెల్లమచ్చలు మెరుస్తాయి. నల్లతలదానికి రెక్క ముందంచున తెల్లటి చీలిక కొసదాకా సాగుతుంది, నలుపు వెనకంచున సన్నగా ఉంటుంది. అంటే ఎగిరేటప్పుడే చక్కగా తెలుస్తుంది. వాలి రెక్క ముడిచిందంటే సగం ఆధారం మూటకట్టేసినట్టే.

వెలుతురు సంగతి చెప్పకుండా ఈ విద్య గురించి చెప్పటం దండగ. మన తీరం తూర్పు ముఖం. ఉదయం సముద్రంకేసి చూస్తే పొద్దు మన కళ్ళలో ఉంటుంది, పిట్ట దానికి అడ్డంగా ఉంటుంది. తెల్లటి గల్ కూడా కాకిలా కనిపిస్తుంది. తొమ్మిది దాటితే ఇసుకమీద గాలి వేడెక్కి పిట్ట నీళ్ళలో నీడలా వణుకుతుంది. సాయంత్రం మూడున్నర మొదలు పొద్దు మన వీపున ఉంటుంది. అప్పుడు చూసింది చూసినట్టు. అయినా మబ్బును బట్టి ఒకే పిట్ట, నల్లమబ్బు ముందు వెండిలా మెరిసి, తెల్లని ఆకాశం ముందుకు రాగానే మసకబారుతుంది. ఇక ఎంత పెద్దదన్న సంగతి, పక్కన పోల్చి చూసుకునేందుకు మరొకటి లేకపోతే, కంటికి అందదు. ఒంటరిగా పోతున్న పిట్ట దగ్గరగా ఉన్న చిన్నదో, దూరంగా ఉన్న పెద్దదో బ్రహ్మకు కూడా తెలియదు.

మన తార్కికులు సంశయానికి చెప్పే ఉదాహరణ ఇదే కదా! మసక చీకట్లో దూరాన నిలువుగా ఏదో ఉంది, మోడా, మనిషా? వాళ్ళు ఇంకో ఉదాహరణ కూడా చెప్పారు. గవయమనే అడవిజంతువు ఆవులా ఉంటుందని ఎవరో చెప్పగా విన్నవాడు, అడవికి పోయి ఆవులాంటిది చూసి, ఇదే గవయమని గ్రహిస్తాడు. దానికి ఉపమానమని పేరు పెట్టి ప్రమాణాల్లో ఒకటిగా నిలబెట్టారు నైయాయికులు. ఈ పిట్టల పుస్తకాలు చేసేదీ అంతకంటె వేరు కాదు. పూర్వం దొరలు పిట్టను తుపాకితో కొట్టి, చేతిలో పెట్టుకుని, ఈక ఈకా కొలిచి పేరు పెట్టేవారు. చంపకుండా, దూరంనుంచి పోల్చటమనే పద్ధతికి 1934లో అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ పుస్తకం పెద్ద ఊపునిచ్చింది. బొమ్మలో ఎక్కడ చూడాలో అక్కడ ఒక గీత గీసి చూపించాడాయన. మనకు 1941లో సలీం అలీ గారి పుస్తకం వచ్చింది. 1982లో ఇంగ్లండులో పీటర్ గ్రాంట్ అనే ఆయన అచ్చంగా గల్ పక్షుల్ని పోల్చటంమీదే ఒక పుస్తకం రాశాడు. నవ్వకండి. పెద్ద జాతుల గల్ పుట్టినది మొదలు పెద్దరికం వచ్చేదాకా నాలుగేళ్ళు పడుతుంది. ఏటా వేషం మారుతుంది. నాలుగేళ్ళ వేషాలూ, వేసవి వేషం, చలికాలపు వేషం వేరు వేరుగా లెక్కవేసుకుంటే, మా హరికథల దాసుగారు ఒంటిచేత్తో నడిపే పాత్రలు కూడా ఇన్ని ఉండవు.

ఇక అసలు సంగతికి వస్తాను. మన తీరాన అరుదుగా, ఒకటో రెండో కనిపించే పెద్ద గల్స్ రెండున్నాయి. ఒకటి ముందు చెప్పిన హ్యూగ్లిన్. రెండోది పల్లాస్ గల్. రష్యా రాణి కేథరీన్ కొలువులో ఉన్న జర్మన్ శాస్త్రజ్ఞుడు పీటర్ సైమన్ పల్లాస్, కాస్పియన్ సముద్రంవైపు తిరిగి వచ్చి, 1773లో దీన్ని లోకానికి వివరించాడు. రెక్కలు చాపితే అయిదడుగుల దాకా ఉంటుంది. నల్లసముద్రపు ప్రాంతంనుంచి మంగోలియాదాకా సరస్సుల్లోని లంకల్లో గుడ్లు పెడుతుంది. 2005లో చైనాలో చింగ్‌హాయ్ సరస్సు దగ్గర పక్షుల జ్వరం సోకి వేలకొద్దీ పక్షులు చచ్చిపడ్డాయని అప్పట్లో పేపర్లలో చదివే ఉంటారు. ఆ చచ్చినవాటిలో ఇవీ ఉన్నాయి, మన గోధుమతలవీ ఉన్నాయి.

2024 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం కళింగపట్నంలో ఉన్నాను. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర. నాతో మా డిగ్రీ రెండో సంవత్సరం కుర్రవాడు ఉన్నాడు. జాలరి ఇంటి పిల్లవాడు. వాడి కళ్ళు నా దుర్భిణితో పందెం వేస్తాయి. వాడి తాత వల బాగుచేసుకుంటూ కొంచెం అవతల కూర్చున్నాడు. అవతలి ఇసుకదిబ్బమీద గోధుమతల గల్స్ నలభై దాకా ఉన్నాయి. ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారి లేచాయి.

"సార్, పెద్దది! ఉత్తరంనుంచి వస్తోంది" అన్నాడు కుర్రవాడు.

నేను దుర్భిణి ఎత్తాను. చిన్నవాటి మధ్యనుంచి ఒకటి, తొందరేమీ లేనట్టు రెక్కలు ఆడిస్తూ, దిబ్బమీదుగా వచ్చింది. ఒక పక్కకు ఒరిగి తిరిగినప్పుడు వీపు కనిపించింది. తరవాత మాకు తోక చూపించి సముద్రంమీదికి వెళ్ళిపోయింది. మొత్తంమీద అరనిమిషం, కాస్త అటూ ఇటూ.

"పల్లాస్ కదా సార్? తల నల్లగా ఉంది."

తల నేను చూడలేదు. నా కంటికి అందేసరికి పిట్ట తిరిగిపోయింది. వీపుమాత్రం చూశాను. చిన్న గల్స్ వీపు ఎంత లేత బూడిదరంగో, ఇదీ అంతే. హ్యూగ్లిన్‌కి వీపు పలకలాగా ముదురుగా ఉంటుంది. రెక్క కొస చూశాను. హ్యూగ్లిన్‌కి అక్కడ నలుపు గుప్పున కనిపించాలి. దీనికి కొసన తెలుపు ఎక్కువ, ఆ తెలుపులో నల్లటి మచ్చలు కొన్ని. పెరిగిన పల్లాస్‌కి ఉండవలసిన గుర్తు అదే. తలమాట అంటారా, పల్లాస్‌కి వేసవి వేషం తొందరగానే మొదలవుతుంది. ఫిబ్రవరికి చాలావాటికి తల నల్లబడుతుంది. అంటే కుర్రవాడు చెప్పింది జరగగూడనిదేమీ కాదు. కాని జరగదగినది వేరు, నేను చూసింది వేరు.

తాత వలమీదనుంచి తల ఎత్తలేదు. "ఏటి బాబూ, ఆ పెద్ద పిట్ట కోసవేనా? అది ఏటేటా వత్తాది. ఒకటో రెండో. మంద కట్టదు. సిన్నపిట్టల నోటికాడది లాక్కుంతాది. ముక్కు పచ్చగుంతాది, కొసన నల్ల పట్టీ."

నాకు ఒళ్ళు జలదరించింది. పసుపు ముక్కు, కొసదగ్గర నల్లపట్టీ, అది పల్లాస్ గుర్తు. ఆయన పుస్తకం చూడలేదు. వల లాగేటప్పుడు పడవ పక్కకు వచ్చినప్పుడు చూశాడు.

"ఇప్పుడు పోయినదాని ముక్కు చూశారా, తాతా?" అని అడిగాను.

"ఇప్పుడెక్కడ? కంటికి పొర వొచ్చీసినాది కదా. పిట్టలు లెగిసిన సప్పుడుకి సెప్పినాను."

చూడండి ఎంత చిక్కో. ఈ పక్షి ఇక్కడికి వస్తుందనటానికి తాత మాట సాక్ష్యం. ఈ సాయంత్రం వచ్చింది అదేననటానికి అది సాక్ష్యం కాదు. ఆ తేడా ముందు గ్రహించింది నేను కాదు, కుర్రవాడే. "తాత చెప్పింది వేరేగా రాయాలి సార్" అన్నాడు. మళ్ళీ వెంటనే, "మొత్తం మీ పేరుమీదే రాసెయ్యండి సార్. మీరు రాస్తే నమ్ముతారు. నేను రాస్తే ఫోటో ఏదీ అంటారు" అన్నాడు.

వాడి దగ్గర కెమెరా లేదు. ఉన్న సెల్‌ఫోనుతో తీస్తే అంత దూరపు పిట్ట ఆవగింజంత పడుతుంది. అంతకుముందు సంవత్సరం వాడు చెప్పిన వేరే పక్షి విషయంలో, పట్నంనుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన నలుగురిలో నవ్వాడట. ఆ నవ్వు వాడింకా మరిచిపోలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పిట్టల జాబితా తీరికున్నవాళ్ళ సరదా అని చాలామంది అనుకుంటారు. మా జిల్లాలో అలా అనుకోవటానికి వీలులేదు. సోంపేట బీలలో థర్మల్ విద్యుత్కేంద్రం కడతామన్నప్పుడు, అది చిత్తడినేలా, లేక ఎందుకూ కొరగాని బీడా అన్న దగ్గర వాదమంతా ముడిపడింది. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర మళ్ళీ కాల్పులు, మళ్ళీ మరణాలు. 2023 ఏప్రిల్‌లో నౌపడకు ఎంతో దూరంలేని మూలపేటలో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. ఓడరేవు వద్దని నేననను. పనులకోసం చెన్నైకీ గుజరాత్‌కూ వలసపోయే మా జాలరుల్ని రోజూ చూస్తూ ఆ మాట ఎలా అనగలను? కాని ఏ నేలలో ఏం బతుకుతోందో ఎవరైనా అడిగిన రోజున చూపించటానికి ఒక కాగితం ఉండాలి. ఆ కాగితంలో ఒక్క పిట్ట ఆశకొద్దీ రాసినదని తేలితే, నిజంగా చూసి రాసిన నూరు పిట్టలూ దానితోపాటు కొట్టుకుపోతాయి. అవతలి వకీలు ఊరుకుంటాడా?

అలాగని అనుమానం పేరుతో అన్నీ కొట్టిపారేయటం కూడా నాకు సమ్మతం కాదు. కలివికోడి కథ మనదే. జెర్డన్ దొర కనిపెట్టగా 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఆ పక్షిని 1900 తరవాత శాస్త్రజ్ఞులెవరూ చూడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో అది మళ్ళీ దొరికింది. దొరికిందంటే, ఆ పొదల్లో తిరిగే స్థానికుడి కంటికీ చేతికీ చిక్కింది. పుస్తకాలు చనిపోయిందన్న పక్షికి ఆ ఊళ్ళలో పేరుంది! పేరున్న వాళ్ళనడిగితే ఎంత బాగుండేదో.

అంచేత కుర్రవాడితో, "నా పేరుమీద నేను చూసింది రాస్తాను. నీ పేరుమీద నువ్వు చూసింది నువ్వు రాయి. తెలుగులో రాయి. ఇంగ్లీషు చేసే పూచీ నాది" అన్నాను. వాడి ముఖం ముడుచుకుంది. మేష్టరు తప్పుకుంటున్నాడనుకున్నాడు కాబోలు. చీకటిపడేదాకా ముగ్గురం పెద్దగా మాట్లాడుకోలేదు.

మర్నాడు ఆదివారం. పోటు తీసినప్పుడు కుర్రవాడు మేం నిలుచున్న చోటునుంచి దిబ్బకు ఎదురుగా ఉన్న ఒడ్డుదాకా అంగలు వేసుకుంటూ నడిచాడట. ఆరువందల ఇరవై. సోమవారం ఒక కాగితం తెచ్చి నా బల్లమీద పెట్టాడు. వాడి అనుమతితో ఇక్కడ ఇస్తున్నాను:

"వంశధార మొగ. సాయంత్రం నాలుగుంబావు. పొద్దు మా వెనక. దిబ్బమీద గోధుమతలవి నలభై. ఉత్తరంనుంచి ఒకటి వచ్చింది. చిన్నవాటికి ఒకటిన్నర ఉంటుంది. చిన్నవి రెక్క మూడుసార్లు కొడితే అది రెండుసార్లు. వీపు చిన్నవాటి వీపు రంగే. రెక్క కొస తెలుపు, అందులో నల్లమచ్చలు. వచ్చేటప్పుడు తల నల్లగా చూశాను. మా సార్ చూసేసరికి తిరిగిపోయింది, తల చూడలేదు. ముక్కు ఇద్దరం చూడలేదు. మా తాత వేరే సంవత్సరాల్లో ముక్కు చూశాడు, ఈసారి చూడలేదు. దూరం 620 అంగలు."

ఇరవై ఏళ్ళుగా పిల్లల వ్యాసాలు దిద్దుతున్నాను. వసంతఋతువు గురించీ, వరకట్నం గురించీ కట్టలు కట్టలు దిద్దాను. ఈ కాగితంమీద ఎర్ర సిరా పెట్టవలసిన చోటు కనిపించలేదు. ఎవరు ఏది చూశారో, ఎవరు చూడలేదో, అంత శుభ్రంగా విడదీసి రాయటం మా స్టాఫ్‌రూములో ఎంతమందికి వస్తుందో నేను చెప్పను.

ఈబర్డ్ అని, 2002లో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంవారు మొదలుపెట్టిన చిట్టా ఒకటుంది. లోకంలో ఎవరు ఏ పక్షిని చూసినా అందులో ఎక్కించవచ్చు. అరుదైనది రాస్తే, పరిశీలకులు వివరం అడుగుతారు. అడిగారు. వెలుతురు ఎటు? దూరం ఎంత? హ్యూగ్లిన్ కాదని ఎలా అన్నారు? అన్నింటికీ జవాబులు ఆ కాగితంలోనే ఉన్నాయి. తర్జుమా చేసి పంపటం తప్ప నేను చేసిందేమీ లేదు. మూడో వారంలో ఒప్పుకున్నారు. కుర్రవాడి పేరుమీద పల్లాస్ గల్, ఒకటి.

తాతకు ఈ సంగతి చెబితే, "పిట్టకి పేరెడితే డబ్బులిత్తారేటి?" అన్నాడు. ఇవ్వరని చెప్పాను. "మరెందుకూ?" అన్నాడు. కాని ఆ పేరు రెండుసార్లు పలికించుకున్నాడు. మూడోసారికి దాన్ని "పల్లాసు" చేసి, ఇంటిపేరులా వాడేసుకున్నాడు.

కుర్రవాడు ఇప్పటికీ శీతకాలంలో సాయంత్రాలు మొగ దగ్గరకు వెళుతూంటాడు. ఇంటికి వెళ్ళేముందు నాకు సెల్‌లో కబురు పంపుతాడు. కిందటిసారి వచ్చినది ఇది: "సార్, ఈవేళ గోధుమతలవి తొమ్మిది. నల్లతలవి రెండు. గాలి ఎక్కువ. పెద్దది రాలేదు."